సగం గీసిన గడ్డం

కత్తికి నా కుడి చెంప తెగుతుంది. రక్తం కింది వాటాలో కొండలరావు గారికి వస్తుంది.

నా చెంప మీద సన్నటి గీత ఒకటి ఉంది, అంతే. నొప్పి లేదు, మంట లేదు. అద్దానికి ముఖం ఆనించి చూస్తాను. గీత తెరుచుకునే ఉంది. లోపల పొడిగా, ఊడ్చి పెట్టిన గదిలా శుభ్రంగా ఉంది. ఇదేం కోత అనుకుంటుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడవుతుంది.

కొండలరావు గారు మా ఇంటాయన. మేం పై వాటాలో అద్దెకుంటాం. ఆయన తువ్వాలు చెంపకి అదిమిపెట్టుకుని వరండాలోకి వస్తారు. నేను కిటికీ చువ్వకి అద్దం తగిలించుకుని అక్కడే నిలబడి గడ్డం గీసుకుంటున్నాను.

"కుడి చెంపేనాండీ?" అని అడుగుతారు.

"అవునండీ."

"నాదీ కుడే. అయితే మీదే ఇది. నేను తెల్లారగట్లే గీసేసుకున్నానండి, ఒక్క గాటు లేదు. పేపరు చదువుకుంటుంటే టపీమని రక్తం పేపరు మీద పడింది."

క్షమించమంటాను. పటిక ముక్క నీళ్ళలో ముంచి ఆయన చెంపకి రాయబోతే చెయ్యి అడ్డం పెడతారు. "నాకు రాస్తే ఏం లాభం? తెగింది మీకు కదా," అంటారు. ఆ మాటా నిజమే. నా చెంపకే రుద్దుకుంటాను. ఆయన పళ్ళు బిగించి "అబ్బా" అంటారు. పేపరు చివర చించి నా గీత మీద అంటిస్తే ఆయనకి రక్తం ఆగుతుంది.

ఆగింది కదా అని వెళ్ళిపోరు. స్టూలు లాక్కుని కూర్చుంటారు. "కానివ్వండి. కింద కూర్చుంటే తెలియకుండా తెగుతుంది, ఇక్కడైతే చూసుకుంటూ ఉండొచ్చు," అంటారు.

నిజానికి నేను ఇవాళ గడ్డం గీసుకోకూడదు. మా ఆవిడ తాయారు నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచీ నా ముఖానికి కత్తి తగలలేదు. కడుపుతో ఉన్న మనిషి మొగుడు మా వైపు సముద్రంలో మునగడు, పాడె మొయ్యడు, గడ్డం గీసుకోడు. సముద్రం మా మండపేటకి దూరం. పాడె మొయ్యమని నన్నెవరూ పిలవలేదు. మిగిలింది గడ్డమే. అది గుండెల దాకా పెరిగింది. దురద సంగతి ఎవరికి చెప్పుకోను? మోటార్లకి రాగితీగ చుట్టుకు బతికేవాణ్ణి, ఒంగి చుడుతుంటే తీగతో పాటు వెంట్రుకలు కూడా లోపలికి పోతున్నాయి. పక్క వీధి పంపుసెట్లో నా గడ్డం ముక్క ఒకటి ఇప్పటికీ తిరుగుతూనే ఉండాలి.

పొద్దున్న మా అత్త ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "ఇంకో గంటలో అయిపోద్దంటరా, వచ్చెయ్," అంది. నేను లెక్క వేసుకున్నాను. గడ్డం గీసుకుని, స్నానం చేసి, అక్కడికి చేరేసరికి బిడ్డ పుట్టేసి ఉంటుంది. గంట ముందో వెనకో నియమం తీరిపోయినట్టే. పసిబిడ్డని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటే ఈ ముళ్ళు బుగ్గకి గుచ్చుకోవూ? బజారులో మంగలి షాపతను ఒప్పుకోడని తెలుసు. తాయారుకి బిడ్డ పుట్టిందని వినేదాకా నన్ను కుర్చీలో కూర్చోనివ్వనని ముందే చెప్పేశాడు. అందుకని సంతలో కొన్న మడతకత్తి తీసి, తోలు బెల్టు మీద నూరి, కత్తెరతో గడ్డం కురచగా కత్తిరించి, నురగ పట్టించాను. మడతకత్తితో గీసుకోవడం నాకు అలవాటు లేదు. అలవాటు లేని పని పంతం పట్టి చెయ్యడం మాత్రం బాగా అలవాటు.

కుడి చెంప పూర్తవుతుంది. పై పెదవి మీదికి వస్తాను. ముక్కు కొన పట్టుకుని పైకెత్తి, కత్తి ఆనిస్తానో లేదో తుమ్ము వస్తుంది. పెదవి మీద చిన్న గాటు పడుతుంది. కొండలరావు గారు గబగబా తన పెదవి తడుముకుని, "నాకేం కాలేదు," అంటారు. నేనూ తడుముకుంటాను. నాకూ ఏం కాలేదు.

వీధిలోంచి ఆడమనిషి అరుపు వినిపిస్తుంది.

పెరుగు అమ్ముకునే సింహాచలమ్మ తట్ట నెత్తి మీదే పెట్టుకుని పైకొస్తుంది. ఆమె పై పెదవి మీంచి రక్తం కారుతోంది. కొంగుతో అద్దుకుంటూ నన్నూ కత్తినీ మార్చి మార్చి చూస్తుంది.

"ఏం బాబూ, ఆడదాన్ని. మీసం గీసుకునే చోట నాకు తెగడవేంటి? వీధిలో అంతా చూత్తన్నారు. ఏవనుకుంటారు?"

"తుమ్మొచ్చిందమ్మా."

"తుమ్మొచ్చేప్పుడు కత్తి దింపాలి కదా."

"దింపేలోపే వచ్చింది."

ఆమె ఆలోచించి, అది న్యాయమే అన్నట్టు తలూపుతుంది. తట్ట దింపి గోడకి ఆనుకుని కూర్చుంటుంది. నేను నా పెదవికి పటిక రాసుకుంటాను. ఆమె నోరు మూసుకుని మంట ఓర్చుకుంటుంది. ఇదంతా నాకు ఏమీ అర్థం కావడం లేదు. నా కోత నాకు రాకపోవడం ఒక సుఖమే అని ఎవరైనా అనొచ్చు. కానీ ఇద్దరు మనుషులు ఎదురుగా కూర్చుని నా చేతి వంకే చూస్తుంటే గడ్డం గీసుకోవడం ఎంత కష్టమో గీసుకుంటే గాని తెలీదు.

చెవి కింద వెంట్రుకలు మిగిలాయి. అక్కడ చర్మం లాగి పట్టుకోవాలి. లాగేసరికి కత్తి నిటారుగా నిలబడి చెవి తమ్మె అంచుని తీసుకుపోతుంది. ముగ్గురం ఒకరి చెవులొకరం చూసుకుంటాం. ఎవరికీ రక్తం లేదు. ఫోన్ మోగుతుంది.

"గంగరాజూ," అంటుంది అత్త. "నా చెవి తెగిందిరా. కమ్మ ఊడి చేతిలోకొచ్చేసింది. ఏం చేత్తన్నావ్ నువ్వక్కడ?"

"ఏం లేదత్తా. బయల్దేరుతున్నాను."

"అబద్ధాలాడకు. నురగ చప్పుడు వినపడతంది."

అత్త తిట్టదు. తిడితే బాగుండును. "ఆ గడ్డం పెంచమంది నీ అందం కోసం కాదురా. తాయారు కోసం. తాయారుది అది," అని ఫోన్ పెట్టేస్తుంది.

మొదటి కోత ఇంటాయనకి వెళ్ళింది. రెండోది రోజూ పెరుగు పోసే మనిషికి. మూడోది అత్తకి. ఒక్కో కోతకీ నాకు ఒక్కో మెట్టు దగ్గరైన మనిషికి తెగుతోంది. అత్త తరవాత ఎవరో చెప్పక్కర్లేదు. తాయారు. కాకపోతే కడుపులో ఉన్నది. కత్తి మడిచి కిటికీలో పెట్టేస్తాను.

"ఆపేశారా?" అంటారు కొండలరావు గారు.

"ఆపేశానండీ. ఇలాగే వెళ్తాను. సగం గడ్డంతో వెళ్తే ఎవరైనా చంపేస్తారా?"

"మంచి పని," అంటుంది సింహాచలమ్మ. "నవ్వితే నవ్వుతారు."

తువ్వాలుతో నురగ తుడుచుకోబోతాను. మళ్ళీ ఫోన్ మోగుతుంది. ఈసారి నర్సు.

"ఏవండీ, మీరేమన్నా ఆపేశారా అక్కడ?"

"ఆపేశానండీ."

"అదే అనుకున్నాం. ఇక్కడ కూడా ఆగిపోయింది. సగం వచ్చి ఆగింది బిడ్డ. వెనక్కీ వెళ్ళదు, ముందుకీ రాదు. డాక్టరు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదలెట్టింది మీరు కాబట్టి పూర్తి చెయ్యాల్సింది కూడా మీరేనంటున్నారు. కానివ్వండి, ఎక్కువసేపు ఉంచకూడదు."

గీస్తే తెగుతుంది. తెగితే తాయారుకో బిడ్డకో తగులుతుంది. గియ్యకపోతే బిడ్డ అక్కడే ఉండిపోతుంది. పొద్దుట్నుంచీ ఒక్క చోటైనా తెగకుండా గీసినవాణ్ణి కాదు నేను. ఫోన్ స్పీకర్లో పెట్టి కిటికీ మీద ఆనిస్తాను. కత్తి విప్పుతాను. కొండలరావు గారు అడక్కుండానే లేచి వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుంటారు.

ఎడమ చెంప పెద్దదయింది. చెవి దగ్గర మొదలుపెడితే పెదవి మూల దాకా చెయ్యి చాలడం లేదు. నేను ఒక అడుగు పక్కకి వేస్తాను. కొండలరావు గారూ గిన్నెతో ఒక అడుగు వేస్తారు. అద్దం దాటిపోయాం, గోడే కనిపిస్తోంది. ఇంకా చెంపే. నేను చూడలేని చోట సింహాచలమ్మ చూసి చెబుతుంది. "ఇంకొంచెం కిందకి బాబూ. ఆ, అక్కడ సుడి ఉంది, మెల్లగా." వరండా కూడా చెంపతో పాటే సాగుతోంది. గోడకి కొట్టిన మేకు ఒకటే ఎంత నడిచినా పక్కనే వస్తోంది. నేను కత్తిని వెంట్రుకలు వాలిన వైపే తోస్తూ, చర్మం మీద దాదాపు పడుకోబెట్టి నడుస్తాను. ఊపిరి వదిలితే ముఖం కదులుతోంది.

ఒక్క గాటు పడకుండా పెదవి మూలకి చేరతాం. ఫోన్లో నర్సు, "భుజం వచ్చింది," అంటుంది. సింహాచలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతుంది. వెనక్కి తిరిగితే అద్దం నా మోచేతి దగ్గరే ఉంది.

ఇక మెడ మిగిలింది.

కంఠం దగ్గర వెంట్రుకలు ఒక వైపుకి వాలవు, తలా ఒక దిక్కుకీ పోతాయి. మింగితే గొంతుముడి పైకి లేస్తుంది. మింగకుండా ఉండాలనుకుంటే మింగాలనిపిస్తుంది. తల వెనక్కి వాల్చి కత్తి ఆనించి, తీసేస్తాను. మళ్ళీ ఆనించి, మళ్ళీ తీసేస్తాను.

"తాయారుకి ఇవ్వండి ఫోను," అంటాను.

చాలా దూరంలో ఏదో కదిలిన చప్పుడు. తరవాత తాయారు గొంతు, పక్క గదిలోంచి పలికినట్టు దగ్గరగా వస్తుంది. తాయారు నా మేనమామ కూతురు. పెళ్ళి కాకముందు ఎలా పిలిచేదో ఇప్పుడూ అలాగే పిలుస్తుంది.

"బావా."

"నెప్పిగా ఉందా?"

"లేదు. అన్నీ ఆగిపోయాయి. భుజం బయటపెట్టి, ఎవరి కోసమో చూత్తన్నట్టు ఉండిపోయింది. నువ్వేం చేత్తన్నావ్?"

"మెడ దగ్గర ఉన్నాను. తెగితే నీకు తగులుద్ది తాయారూ. బిడ్డకైనా తగులుద్ది. నాకు భయంగా ఉంది."

"మొదలెట్టేప్పుడు నన్నడిగావా?"

"లేదు."

"ఆపేప్పుడు అడుగుతున్నావే?"

"నాకేం తోచట్లేదు. నా గడ్డం నేను గీసుకుంటే ఎవరెవరికో తెగడం ఏంటసలు? నీకేమన్నా అర్థమవుతోందా?"

"నాకూ తోచట్లేదు బావా. ఇక్కడెవరికీ తోచట్లేదు. గియ్యి."

"తెగితే?"

"తెగితే నేను ఊరుకుంటాను. గియ్యి."

నేను తల వాలుస్తాను. కొండలరావు గారు వెనక నిలబడి నా తల తన పొట్టకి ఆనించి పట్టుకుంటారు. సింహాచలమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టుకుంటుంది. నురగ చల్లారిపోయింది, కత్తి వెచ్చగా ఉంది. దవడ కింద నుంచి కిందికి దింపుతాను. ఒక బారు వస్తుంది. రెండో బారు వస్తుంది. గొంతుముడి పక్కన, అరచేయంత కూడా లేని చోట, నాకు తెలియకుండానే మింగుతాను.

తెగింది. చర్మం విచ్చుకోవడం నాకు తెలిసింది.

కొండలరావు గారు ఒక చేత్తో తన మెడ తడుముకుంటారు. లేదు. సింహాచలమ్మ తడుముకుంటుంది. లేదు. "తాయారూ," అని కేకేస్తాను. "నాకేం కాలేదు బావా," అంటుంది. వెంటనే అత్త గొంతు, నర్సు గొంతు, ఏదో ఇత్తడి సామాను కింద పడ్డ చప్పుడు. "వచ్చేసింది, వచ్చేసింది. ఆడపిల్ల," అని అత్త అరుస్తుంది. "ఒంటి మీద ఎక్కడా గాటు లేదురా!"

నేను నేల మీద కూర్చుండిపోతాను. ఆ సమయానికి నా మెడలోంచి పసిపిల్ల ఏడుపు మొదలవుతుంది.

కోతలోంచి వస్తోంది అది. కొత్తగా, తడిగా, కోపంగా ఉంది. మెడ మీద చెయ్యి పెడితే అరచేతిని తన్నుతోంది. ఫోన్లో నర్సు మెల్లగా అంటుంది, "ఏవండీ, పాప ఏడవడం లేదు. కాళ్ళు పట్టుకుని తట్టాం, నోరు తుడిచాం. ఏడవడం లేదు. రంగు మారుతోంది."

"ఏడుపు ఇక్కడుంది," అంటాను. "నా దగ్గరుంది."

"అయితే తొందరగా తెండి. పొడారిపోనివ్వకండి."

సింహాచలమ్మ తట్టలోంచి వేలితో మీగడ తీసి కోత చుట్టూ పూస్తుంది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగుతుంది. కొండలరావు గారు స్కూటరు తీస్తారు. సగం నురగతో, బనీనుతోనే వెనక కూర్చుని రెండు చేతులతో మెడ మూసుకుంటాను. పట్టుకోవడానికి చేతులు లేవు. కాలవ గట్టు మీద గతుకు వచ్చినప్పుడల్లా నేను పడిపోతానని కాదు, అది జారిపోతుందని భయం. ఎదురొచ్చే వాళ్ళంతా ఏడుపు విని స్కూటరు మీద పసిపిల్ల ఎక్కడుందా అని వెతుకుతారు. గాలికి నా వేళ్ళ మధ్య నుంచి ఏడుపు కొంచెం కారి రోడ్డు మీద పడుతుంది. అది ఎంత పడిందో, ఎంత మిగిలిందో తెలియక నా ప్రాణం విలవిల్లాడుతుంది.

ఆసుపత్రి గుమ్మంలో కాపలా అతను చెయ్యి అడ్డం పెడతాడు.

"బయటి ఏడుపులు లోపలికి తేకూడదండి. లోపలున్నవే ఎక్కువయ్యాయి."

"ఇది లోపలిదే. బయటికొచ్చేసింది."

అతను చెవి దగ్గరగా పెట్టి వింటాడు. "ఆయ్, మాదే," అని పక్కకి తప్పుకుంటాడు.

గదిలో అత్త ఒక చెవికి గుడ్డ కట్టుకుని మూల నిలబడింది. తాయారు మంచం మీద ఉంది. నా వంక చూసి, "ఎంత చిన్న ముఖమో నీది. మర్చిపోయాను," అంటుంది. నర్సు చేతుల్లో తెల్లగుడ్డ మూట ఒకటుంది. అందులోంచి చప్పుడు రావడం లేదు. నేను దగ్గరికి వెళ్ళి మెడ మీంచి చేతులు తీస్తాను.

ఏడుపు బయటికి రాదు. అంతమందిని చూసి బెదిరిపోయినట్టుంది, వెనక్కి తిరిగి నా గుండెల్లోకి దిగిపోతుంది. లోపల పక్కటెముకల చాటున ముడుచుకుని కూర్చోవడం నాకు తెలుస్తోంది. "రామ్మా, రా తల్లీ," అని బతిమాలతాను. దగ్గుతాను. ఛాతీ మీద కొట్టుకుంటాను. అది ఇంకా లోపలికి పోతుంది. మూట కదలడం లేదు. నా జీవితంలో ఇంత చేతకానితనం ఎప్పుడూ ఎరగను.

"దాన్ని బతిమాలకు," అంటుంది తాయారు. "పిల్లని పెట్టి పిలిపించు. తల ఎత్తు."

తల ఎత్తుతాను. నర్సు మూట తెచ్చి నా భుజానికి ఆనిస్తుంది. చల్లటి చిన్న నోరు ఒకటి నున్నటి మెడ మీద అటూ ఇటూ వెతుక్కుంటుంది. కోత దొరుకుతుంది. పట్టుకుంటుంది. పళ్ళు లేని చిగుళ్ళు అంత గట్టిగా పడతాయని నాకెవరూ చెప్పలేదు. లాగుతుంది. నా లోపల ముడుచుకున్నది ఒక్కొక్క ఎముకనీ వదులుతూ, గొంతులోకి, కోతలోకి, ఆ నోట్లోకి పోతుంది.

గది అద్దాలు అదిరేలా ఏడుస్తుంది మా పాప. అత్త మూలనే కూలబడి తనూ ఏడుస్తుంది. కొండలరావు గారు గుమ్మం అవతల నుంచి, "పలికిందండీ, పలికింది!" అంటూ ఎవరికో చెబుతున్నారు. నా కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

ఏడ్చి ఏడ్చి పాప మళ్ళీ నా మెడ పట్టుకుంటుంది. ఇంకేం మిగిలిందని లాగుతోందో తెలియడం లేదు. మెడ మీద వెచ్చగా కారుతుంది. అమ్మయ్య, నా రక్తం నాకే వచ్చింది అనుకుని వేలితో తుడిచి కళ్ళ ముందు పెట్టుకుంటాను. తెల్లగా ఉంది. చిక్కగా, కొంచెం తియ్యటి వాసనతో ఉంది.

తాయారు తన జాకెట్టు తడుముకుంటుంది. "నాకు పొడిగా ఉందేంటి?" అంటుంది. నా మెడ వంక చూస్తుంది. కాసేపటికి అర్థమై కోపంతో నవ్వుతుంది. "నాకు రావాల్సినవి నీకొచ్చేశాయా బావా?"

"నేనడగలేదు తాయారూ."

"సరేలే. కదలకు."

తల దించుదామని చూస్తాను. దించితే కోత మూసుకుంటోంది, పాప గుక్క పడుతోంది. ఎత్తితే తాగుతోంది. పాప ముఖం నేనింకా చూడలేదు. అందరూ చూశారు. ఎలా ఉందో చెప్పమంటాను. నీ ముక్కు అంటుంది అత్త, కాదు మా నాన్న ముక్కు అంటుంది తాయారు. నేను తల వెనక్కి వాల్చి, గదికప్పు చూస్తూ నిలబడి ఉన్నాను. బనీను తడుస్తోంది. పాలు మోచేతి దాకా వచ్చి నేల మీద పడుతున్నాయి. పక్క గదుల్లోంచి తల్లులు తమ పిల్లల్నెత్తుకుని ఒక్కొక్కరే వస్తున్నారు, వాళ్ళందరికీ పొడిగానే ఉందట. నా వెనక వరసగా నిలబడుతున్న వాళ్ళ అడుగుల చప్పుడు వింటూ, నేను మింగకుండా ఉంటున్నాను.